పంచ్, ఎంబాసింగ్, పొరలు: చేత్తో గ్రీటింగ్ కార్డు తయారుచేయడం ఎలా

చేత్తో చేసిన మంచి గ్రీటింగ్ కార్డుని కాస్త వాల్చి, పక్కనుంచి వెలుతురు పడేలా పట్టుకుని చూడండి. రంగు కన్నా ముందు కంటికి తగిలేది నీడ. పంచ్‌తో తీసిన పువ్వు రేకు కింద ఒక నీడ, ఎంబాసింగ్‌లో లేచిన గీత పక్కన ఇంకా సన్నటి నీడ, ఫోమ్ టేప్ మీద నిలబడిన పొర చుట్టూ వెడల్పాటి నీడ. పంచ్ అంటే నొక్కగానే కాగితాన్ని ఒక ఆకారంలో కోసే పరికరం, ఎంబాసింగ్ అంటే డిజైన్‌ని ఉబ్బెత్తుగా లేపడం, ఫోమ్ టేప్ అంటే రెండు వైపులా జిగురున్న మందపాటి స్పాంజి టేపు. ఇవి మూడు వేరువేరు పనుల్లా కనిపిస్తాయి కానీ చదునైన కాగితం మీద నీడ పడే చోట్లు తయారుచేయడమే మూడింటి ఉద్దేశమూ. తెల్ల కార్డు మీద తెల్ల పువ్వులు పెట్టినా అందంగా ఉండేది అందుకే. ఈ లెక్క అర్థమైతే గ్లిటర్లూ, స్టిక్కర్లూ, ముత్యాల ప్యాకెట్లూ కొనడం దానంతటదే తగ్గుతుంది.

ఇక్కడ ఒక కార్డుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. మడతపెట్టిన కార్డు, దాని మీద రంగు పొర, ఆపైన ఎంబాసింగ్ చేసిన తెల్ల పొర, ఒక మూల పువ్వుల గుత్తి, ఒక సీతాకోకచిలుక, శుభాకాంక్షలు రాసిన చిన్న పట్టీ. ఇది చేతికి వచ్చిందంటే మిగతా డిజైన్లన్నీ వీటిని అటూ ఇటూ మార్చుకోవడమే.

కాగితం దగ్గర పిసినారితనం వద్దు

పరికరాలు తక్కువ ఉన్నా కార్డు బాగా వస్తుంది. కాగితం సరైనది కాకపోతే మాత్రం ఎంత మంచి పరికరమూ ఆదుకోదు. కాగితం బరువుని జీఎస్ఎంలో చెబుతారు, అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. ప్రింటర్లో వాడే మామూలు కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం ఉంటుంది. మడిచి నిలబెట్టే కార్డుకి 250 నుంచి 300 కావాలి. అంతకన్నా పలచనైతే ముందువైపు అతికించిన పొరల బరువుకి కార్డు ముందుకి తూలుతుంది. మధ్య పొరలకూ, ఎంబాసింగ్ పొరకీ 180 నుంచి 220 సరిపోతుంది. పంచ్‌తో తీసి వంపు తిప్పే పువ్వులకైతే 120 నుంచి 160 చాలు. మందం ఎక్కువైతే రేకు వంగదు, వంగినా విరిగినట్టు గీత పడుతుంది.

నిగనిగలాడే కోటింగ్ ఉన్న కాగితం ఎంబాసింగ్‌లో పగులుతుంది, దాన్ని చదునైన పొరలకే ఉంచుకోండి. గరుకు కాగితం మీద రబ్బరు స్టాంపు అక్షరాలు విరిగిపోయినట్టు పడతాయి, కాబట్టి శుభాకాంక్షల పట్టీకి నున్నటి కాగితమే తీసుకోండి. రంగు కార్డ్‌స్టాక్, అంటే మందపాటి కాగితం కొనేటప్పుడు ఒక మూల చింపి చూస్తే అది పూర్తిగా రంగు కాగితమా, లోపల తెల్లగా ఉండి పైన మాత్రమే రంగు పట్టిందా తెలుస్తుంది. రెండో రకం పనికిరానిదేమీ కాదు. ఎంబాసింగ్ చేశాక లేచిన చోట సన్న శాండ్‌పేపరుతో మెల్లగా రుద్దితే లోపలి తెలుపు బయటపడి డిజైన్ దానంతటదే తేలుతుంది.

చాలామంది పట్టించుకోని విషయం గ్రెయిన్, అంటే కాగితంలో పీచు పరుచుకున్న దిశ. షీటుని మడత పడకుండా ఒకసారి పొడుగునా, ఒకసారి అడ్డంగా వంచి చూడండి. ఏ వైపు సులువుగా వంగిందో మడత ఆ వైపు రావాలి. గ్రెయిన్‌కి అడ్డంగా మడిస్తే అంచు దూదిలా రేగుతుంది, ముదురు రంగు కాగితాల్లో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కార్డు కొలతలు, మడత

ఏ4 షీటు 210 × 297 మి.మీ. ఉంటుంది. దాన్ని అడ్డంగా సగానికి కోస్తే 210 × 148 ముక్కలు రెండు వస్తాయి. ఒక్కో ముక్కని 105 మి.మీ. దగ్గర మడిస్తే ఏ6 కార్డు తయారు. దీనికి సరిపోయే కవరు సీ6, అంటే 114 × 162 మి.మీ. ముందే దొరికే కవరుకి తగ్గట్టు కార్డు చేయడం తెలివైన పద్ధతి. కార్డు అయ్యాక కవరు వెతుక్కోవడం పెద్ద తలనొప్పి.

నేరుగా వేళ్లతో మడవకండి. స్కేలు ఆనించి బంతి మొన ఉన్న స్టైలస్‌తోనో, ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతోనో 105 మి.మీ. దగ్గర గీత నొక్కండి. ఒకేసారి గట్టిగా కాకుండా రెండు మూడు సార్లు తేలిగ్గా లాగండి. గీత నొక్కిన వైపు గాడి, వెనక సన్నటి గట్టు ఏర్పడతాయి. ఆ గట్టు మడత లోపలికి రావాలి. చూడ్డానికి తిరకాసుగా ఉంటుంది కానీ ఇలా మడిస్తేనే పైనున్న పీచు తెగకుండా సాగుతుంది. తర్వాత బోన్ ఫోల్డరుతో, అంటే మడతని అణిచే నున్నటి చదును పరికరంతో రుద్దండి. అది లేకపోతే నున్నటి స్పూను వెనక వైపుతో రుద్దినా పని జరుగుతుంది. ముదురు కాగితం మీద నేరుగా రుద్దితే మెరుపు చార పడుతుంది కాబట్టి మధ్యలో ఒక తెల్ల కాగితం వేయండి.

ఇప్పుడు పొరలు. రంగు పొరని 98 × 141 మి.మీ. కోయండి, చుట్టూ మూడున్నర మి.మీ. కార్డు కనిపిస్తుంది. దానిపై వచ్చే తెల్ల పొర 94 × 137 ఉండాలి, అప్పుడు రంగు 2 మి.మీ. అంచుగా మిగులుతుంది. రెండు అంచులూ ఒకే వెడల్పు పెడితే కంటికి ఎటు చూడాలో తెలియదు. ఒకటి వెడల్పుగా, ఒకటి సన్నగా ఉంటేనే ఫ్రేము కట్టినట్టు ఉంటుంది. తెల్ల పొరని మాత్రం ఇప్పుడే కచ్చితమైన కొలతకి కోయకండి, అన్ని వైపులా ఒక సెంటీమీటరు అదనంగా ఉంచండి. ఎంబాసింగ్‌లో కాగితం కాస్త లాగుకుంటుంది, అంచులు ఒంకర పోవచ్చు. పని అయ్యాక డిజైన్‌ని మధ్యకి చూసుకుని కోస్తే తేడా రాదు.

ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఈ పనిలో కాగితం పాడయ్యేది చేతకాక కాదు, ఎక్కువసార్లు పనుల క్రమం తప్పడం వల్ల. వేడి తగిలే పనులన్నీ ముందు చేయాలి, జిగురు పనులు తర్వాత. ఫోమ్ టేప్ అంటించిన కార్డు మీద హీట్ గన్ (బాగా వేడి గాలి ఊదే పరికరం) పెడితే ఫోమ్ కుంగిపోతుంది, టేపు జిగురు వదులుతుంది. స్టాంపు చదునైన చోటే వేయాలి, కాబట్టి ఎంబాసింగ్‌తో ఎత్తుపల్లాలు వచ్చాక దానిపై అక్షరాలు వేయాలనుకోవద్దు. అక్షరాలకు విడి పట్టీ చేసుకుని చివర్లో అంటించడమే తేలిక. కార్డు లోపల రాయాల్సిన మాటలు కూడా పైన పువ్వులు ఎక్కకముందే రాసేయాలి. ఉబ్బెత్తు కార్డుని బోర్లించి రాస్తే అక్షరాలూ చెడతాయి, పువ్వులూ నలుగుతాయి. నాకైతే 100 జీఎస్ఎం తెల్ల కాగితం మీద విడిగా రాసి లోపల అంటించడం నచ్చుతుంది. రాత చెడినా ఒక్క కాగితమే పోతుంది, కార్డు క్షేమం.

పొడి ఎంబాసింగ్: ఫోల్డరుతో

ఎంబాసింగ్ ఫోల్డరు అంటే ఒక అంచున కలిసి ఉండే రెండు ప్లాస్టిక్ రేకులు. ఒకదాని మీద డిజైన్ ఎత్తుగా, రెండోదాని మీద అదే డిజైన్ గుంటగా ఉంటుంది. మధ్యలో కాగితం పెట్టి రోలరు మెషీన్‌లో, అంటే పిడి తిప్పితే రెండు రోలర్ల మధ్య నొక్కే చేతి యంత్రంలో నొక్కితే కాగితం ఆ రూపం తీసుకుంటుంది.

లోతైన డిజైన్లలో కాగితం చిట్లడం మామూలే, దానికి మందు నీటి తుంపర. స్ప్రే బాటిల్‌తో దూరం నుంచి రెండు వైపులా ఒక్కసారి కొట్టి, చుక్కలు నిలిచి ఉంటే తుడిచేయండి. చెమ్మ తగిలిన పీచు తెగకుండా సాగుతుంది, ఆరాక అదే ఆకారంలో గట్టిపడుతుంది. నీటికి కరిగే ఇంకు ఉన్న కాగితానికి మాత్రం ఈ చిట్కా పనికిరాదు.

ఫోల్డరు మూసి ఉన్న అంచు ముందు రోలర్లలోకి వెళ్లేలా పెట్టండి, తెరిచి ఉన్న వైపు ముందు వెళ్తే కాగితం జారుతుంది. పైనా కిందా పెట్టే ప్లేట్ల వరస మెషీన్‌ని బట్టి మారుతుంది. అదే మెషీన్‌లో కాగితం కోతకి వాడే వరస ఎంబాసింగ్‌కి బిగుతైపోతుంది కాబట్టి మెషీన్‌తో వచ్చిన పట్టిక చూడండి. పిడి గట్టిగా తగిలితే బలవంతం చేయకుండా వెనక్కి తిప్పి ఒక ప్లేటు తగ్గించాలి. డిజైన్ మరీ పలచగా పడితే ఫోల్డరు మీద మామూలు కార్డు ముక్క ఒకటి అదనంగా పెట్టి మళ్లీ తిప్పండి. తీసేశాక కాగితాన్ని పది నిమిషాలు వదిలేయండి. తడిగా ఉండగానే పొర కింద జిగురు పూస్తే డిజైన్ చదునైపోతుంది.

మెషీన్ లేకుండా: స్టెన్సిల్, స్టైలస్

మెషీన్ కొనడానికి ముందు ఈ పద్ధతి ఒకసారి చేసి చూడమంటాను. నెమ్మదిగా సాగే పని, కానీ ఎంబాసింగ్ అంటే ఏమిటో చేతికి తెలిసేది ఇక్కడే.

ఇత్తడి స్టెన్సిల్‌ని, అంటే డిజైన్ కన్నాలుగా కోసిన రేకుని, లైట్ బాక్స్ (లోపల దీపం వెలిగే పెట్టె) మీద, అది లేకపోతే పగటిపూట కిటికీ అద్దం మీద అతికించండి. కాగితాన్ని దానిపై బోర్లించండి, అంటే కార్డులో ముందుకి రావాల్సిన వైపు స్టెన్సిల్‌కి తాకాలి. వెలుతురులో స్టెన్సిల్ కన్నాలు కాగితం గుండా కనిపిస్తాయి. కాగితం వెనక భాగాన్ని మైనపు కాగితంతో ఒకసారి రుద్దితే స్టైలస్ పట్టేయకుండా జారుతుంది. ముందు పెద్ద బంతి మొనతో కన్నం అంచు వెంబడి ఒకసారి తేలిగ్గా తిప్పండి, తర్వాత చిన్న మొనతో సరిగ్గా అంచుని ఆనుకుని నొక్కండి. కన్నం మధ్యలో గీకక్కర్లేదు. నీడ పుట్టేది అంచు దగ్గరే, అది పదునుగా లేచిందంటే మధ్యభాగం దానంతటదే ఉబ్బినట్టు కనిపిస్తుంది. ముదురు కాగితం గుండా వెలుతురు రాదు కాబట్టి ఈ పద్ధతికి లేత రంగులే తీసుకోవాలి.

అక్షరాల స్టెన్సిల్ అయితే దాన్ని తిప్పి, అక్షరాలు అద్దంలో చూసినట్టు కనిపించేలా పెట్టాలి. మనం నొక్కేది వెనక నుంచి, చదివేది ముందు నుంచి కదా. బ్రెయిలీ పలకతో రాసేవాళ్లు కుడి నుంచి ఎడమకి చుక్కలు నొక్కుకుంటూ వెళ్లడానికి కారణం కూడా ఇదే.

వేడి ఎంబాసింగ్: పౌడరు కరిగే క్షణం

శుభాకాంక్షల పట్టీకి ఈ పద్ధతి. స్టాంపు వేసిన తడి ఇంకు మీద ప్లాస్టిక్ రెసిన్ పొడి చల్లి కరిగిస్తే అక్షరాలు మెరుస్తూ ఉబ్బెత్తుగా నిలుస్తాయి. ఇంకు ఆలస్యంగా ఆరేది కావాలి. ఎంబాసింగ్ ఇంకు గానీ, పిగ్మెంట్ ఇంకు గానీ వాడండి. డై ఇంకు కాగితంలోకి వెంటనే ఇంకిపోతుంది, పొడి పట్టుకోదు. పౌడర్లలో సన్నటి అక్షరాలకు ఫైన్ డీటెయిల్ రకం, బొద్దు బొమ్మలకు మామూలు రకం వాడతారు. సన్న అక్షరాల మీద ముతక పొడి వేస్తే గుండ్రాలన్నీ పూడిపోతాయి. తెలుగు అక్షరాల స్టాంపులకు ఈ జాగ్రత్త మరీ అవసరం, మన లిపిలో గుండ్రాలకు కొదవలేదుగా.

పని ఇలా సాగుతుంది:

1. పట్టీని యాంటీ స్టాటిక్ పౌచ్‌తో తుడవండి. ఈ సంచిలో ఉండే మెత్తటి పొడి కాగితం మీద చెమ్మనీ, వేళ్ల జిడ్డునీ, స్థిర విద్యుత్తునీ అణచివేస్తుంది. ఈ మెట్టు వదిలేస్తే అక్షరాల చుట్టూ ఇసుక చల్లినట్టు రేణువులు అంటుకుని అక్కడే కరుగుతాయి.
2. స్టాంపుకి ఇంకు తట్టి, కాగితం మీద నిలువుగా దించి, ఊపకుండా నొక్కి, నిలువుగానే ఎత్తండి.
3. వెంటనే పౌడరు ధారాళంగా పోయండి. కింద ఒక మడత కాగితం పెట్టుకుంటే మిగిలిన పొడి వృథా కాకుండా తిరిగి సీసాలోకి పోతుంది.
4. పట్టీని నిలబెట్టి వెనక నుంచి వేలితో ఒకటి రెండు సార్లు తట్టండి. ఇంకా అక్కడక్కడ రేణువులుంటే పొడి బ్రష్షు మొనతో తీసేయండి. కరిగాక అవి రావు.
5. హీట్ గన్‌ని కాగితానికి దూరంగా పట్టుకుని ముందు పది పదిహేను సెకన్లు వేడెక్కనివ్వండి. చల్లటి గన్‌ని నేరుగా పెడితే పొడి కరగకముందే కాగితం ఎక్కువసేపు గాలికి ఎండి ముడుచుకుంటుంది.
6. ఐదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఒక చివర నుంచి మొదలుపెట్టండి.

ఇక్కడి నుంచి కళ్లు తిప్పకూడదు. మొదటి కొన్ని సెకన్లు ఏమీ జరగదు. తర్వాత ఒక అక్షరం అంచున పొడి పొడిగా, మసకగా ఉన్న రేణువులు ఒక్కసారిగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి తడి మెరుపు వస్తుంది. ఆ మెరుపు అక్షరం మీదుగా పాకుతూ వెళ్తుంది, గన్ దాని వెంట కదలాలి, దాని కన్నా వెనకపడకూడదు. మెరిసిన చోట ఇంకో రెండు సెకన్లు ఆగితే కరిగిన ప్లాస్టిక్ కాగితంలోకి ఇంకి నూనె మరకలా మిగులుతుంది, ఎత్తు పోతుంది. తక్కువ వేడి తగిలిన చోట వేలితో తాకితే గరుకుగా ఉంటుంది. దాన్ని చల్లారాక కూడా మళ్లీ వేడిచేసి సరిచేయొచ్చు. ఎక్కువ కాలినదాన్ని మాత్రం ఏమీ చేయలేం, పట్టీ మార్చుకోవాల్సిందే.

జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో కుదరదా అని చాలామంది అడుగుతారు. కుదరదు. దాని వేడి చాలదు, గాలి మాత్రం పొడినంతా ఎగరగొట్టేస్తుంది. కాగితం ఒంకర పోతుంటే కింది వైపు నుంచి వేడి పెట్టండి, చల్లారాక ఒక రాత్రి బరువైన పుస్తకం కింద ఉంచండి. పట్టీని చేత్తో కాకుండా క్లిప్పుతో పట్టుకోవాలి. గన్ మూతి ఆపాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది, పిల్లలుంటే ఈ ఒక్క మెట్టు పెద్దవాళ్లే చేయాలి. కిటికీ తెరిచి ఉంచండి, కానీ ఫ్యాను ఆపేయండి.

పంచ్‌ల పని

పంచ్‌ని తలకిందులుగా పట్టుకుని వాడటం మొదట అలవాటు చేసుకోవాలి. కింది వైపు కన్నంలోంచి కాగితం కనిపిస్తుంది, ఎక్కడ తెగుతుందో కచ్చితంగా తెలుస్తుంది. గురి చూసుకున్నాక టేబుల్ మీద నిలబెట్టి, లేచి నిలబడి, అరచేతి కింది భాగంతో ఒక్క ఊపున నొక్కండి. కూర్చుని వేళ్లతో నొక్కితే సగం తెగి సగం చినుగుతుంది.

సన్న అల్లిక ఉన్న పంచ్‌లకు మందపాటి కాగితం పెట్టకండి, 160 జీఎస్ఎం దాటితే చాలా పంచ్‌లు మొరాయిస్తాయి. మరీ పలచటి కాగితం కూడా చిక్కే, అంచులు నలుగుతాయి. అప్పుడు వెనక ఒక ప్రింటరు కాగితం కలిపి రెండూ ఒకేసారి కోయండి. పంచ్ మొద్దుబారినట్టుంటే అల్యూమినియం ఫాయిల్‌ని మూడు నాలుగు మడతలు వేసి పదిసార్లు పంచ్ చేయండి, తర్వాత మైనపు కాగితాన్ని నాలుగైదుసార్లు. మొదటిది అంచు గరుకుని తీస్తుంది, రెండోది నూనె వేసినట్టు కదలిక తేలిక చేస్తుంది.

అంచు డిజైన్ వేసే బార్డర్ పంచ్‌కి ఒక చిట్కా చాలు: కావాల్సిన పొడవుకి కాగితం కోసి పంచ్ చేయకండి. పొడుగు పట్టీని ముందు పంచ్ చేసి, డిజైన్ రెండు చివర్లా ఒకేలా ముగిసేలా చూసుకుని అప్పుడు కోయండి. ప్రతి నొక్కుకీ ముందటి నొక్కు డిజైన్‌ని పంచ్ పళ్లెం మీద అచ్చయిన బొమ్మతో కలపాలి, కాగితం పంచ్ లోపలి వెనక గోడకి ఆనిందో లేదో చూసుకోవాలి. ఒక్క అర మిల్లీమీటరు తేడా వచ్చినా చివరికి పట్టీ అంతా ఏటవాలుగా పోతుంది.

పంచ్ చేశాక రాలిన ముక్కనే కాదు, మిగిలిన కన్నాన్నీ వాడుకోండి. తెల్ల పొరలో సీతాకోకచిలుక కన్నం చేసి వెనక రంగు కాగితం పెడితే అది కిటికీ అవుతుంది. ఆ రాలిన సీతాకోకచిలుక రేపటి కార్డుకి పనికొస్తుంది.

పువ్వులకు వంపు తేవడం

ఐదు రేకుల పువ్వు పంచ్‌లు మూడు సైజుల్లో ఉంటే మంచిది, దాదాపు 50, 38, 25 మి.మీ. ఒక్కో సైజులో ఒకటి తీయండి. కింది పువ్వు రంగు కాస్త ముదురుగా, పైది లేతగా ఉంటే లోతు పెరుగుతుంది. అంచులకు స్పాంజితో కొంచెం ఇంకు అద్దితే కాగితం కోసిన తెల్ల అంచు కనబడదు. ఇది వంపు తిప్పకముందే చేయాలి.

మెత్తటి ఫోమ్ షీటు మీద, లేకపోతే పాత మౌస్ ప్యాడ్ మీద పువ్వుని పెట్టండి. చెమ్మ వేలితో ఒకసారి తాకండి, అంతే. పెద్ద బంతి మొన స్టైలస్‌తో ఒక రేకు మీద చిన్న చిన్న సున్నాలు చుడుతూ వెళ్లండి. నాలుగైదు చుట్లకి రేకు అంచు పైకి లేస్తుంది, దోసిలి పట్టినట్టు వంపు తిరుగుతుంది. ఐదు రేకులూ అయ్యాక పువ్వుని తిరగేసి రేకుల కొసలు మాత్రం బయటికి తిరిగేలా ఒక్కో నొక్కు నొక్కండి. మళ్లీ మామూలుగా తిప్పి సరిగ్గా నడిమధ్యన గట్టిగా ఒక్కసారి నొక్కితే రేకులన్నీ కలిసి లేస్తాయి. రేకుల్ని అచ్చం ఒకేలా వంచాలని చూడకండి, ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ వంగితేనే పువ్వులా ఉంటుంది.

పేర్చేటప్పుడు పై పువ్వుని కింది పువ్వు రేకుల సందుల్లోకి తిప్పాలి. ఐదు రేకుల పువ్వులో రేకుకీ రేకుకీ మధ్య 72 డిగ్రీలు ఉంటాయి కాబట్టి 36 డిగ్రీలు తిప్పితే సరిగ్గా సందులో కూర్చుంటుంది. జిగురు నడిమి చుక్కంత చాలు, రేకుల కిందికి పాకితే మీరు తెచ్చిన వంపంతా అతుక్కుపోతుంది. ఆకుల్ని మధ్య ఈనె దగ్గర మడిచి సగం తెరిచి పువ్వు కిందికి తోయండి.

సీతాకోకచిలుకకి రెండు ముక్కలు తీయండి, కిందిది వెల్లమ్ కాగితంతో, పైది మామూలు కాగితంతో. శరీరానికి రెండు వైపులా రెక్కల్ని పైకి మడిచి, జిగురు శరీరం కింద మాత్రమే పూయండి. వెల్లమ్ అంటే ట్రేసింగ్ పేపరులా అవతలివైపు మసకగా కనిపించే కాగితం, జిగురు ఎక్కడ పడినా తెలిసిపోతుంది. ఇక్కడ దాన్ని శరీరం దాచేస్తుంది కాబట్టి చిక్కు లేదు.

పొరలు కలపడం

తెల్ల పొరని ఇప్పుడు 94 × 137కి కోయండి. రంగు పొరని కార్డుకి డబుల్ సైడ్ టేపుతో చదునుగా అంటించండి. పెద్ద పొరలకు తెల్ల జిగురు వాడితే కాగితం తడి పీల్చి అలలు తేలుతుంది, దాన్ని పువ్వులకే ఉంచుకోండి. తెల్ల పొర కింద 1 మి.మీ. ఫోమ్ టేపు వేయండి. అంచుకి మూడు నాలుగు మి.మీ. లోపలికి చుట్టూ పట్టీలు, మధ్యలో కూడా రెండు ముక్కలు. మధ్యలో ఏమీ లేకపోతే కవరులో ఒత్తిడికి పొర కుంగుతుంది, ఎంబాసింగ్ దెబ్బతింటుంది.

ఫోమ్ టేపు ఒకసారి అంటుకుంటే మళ్లీ కదలదు, అక్కడే అందరికీ టెన్షన్. టేపు పై కాగితం మొత్తం ఒకేసారి తీయకుండా ప్రతి పట్టీ చివర కొంచెం తీసి, ఆ తోకని పొర బయటికి మడవండి. పొరని సరిగ్గా నిలిపి మూలలు తేలిగ్గా ఆనించి, అంచులు నాలుగు వైపులా సమంగా ఉన్నాయనిపించాక తోకలు ఒక్కొక్కటిగా లాగేయండి. కత్తెరకి ఫోమ్ జిగురు పట్టేస్తుంటే యాంటీ స్టాటిక్ పౌచ్‌తో ఒకసారి తుడవండి.

ఫోమ్ కన్నా పాత పద్ధతి ఒకటుంది. 1840ల చివర అమెరికాలో మసాచుసెట్స్‌లోని వూస్టర్ పట్టణంలో ఎస్తర్ హౌలాండ్ అనే యువతి వాలంటైన్ కార్డుల వ్యాపారం మొదలుపెట్టింది. ఆమె కార్డుల్లో పై పొరని ఎత్తి పట్టడానికి కాగితాన్నే ముందుకీ వెనక్కీ మడిచి చిన్న స్ప్రింగుల్లా పెట్టేవారు, లేసు కాగితం కింద రంగు కాగితం ముక్కలు పెట్టి అల్లిక కనిపించేలా చేసేవారు. మనమూ అదే చేయొచ్చు. ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీని నాలుగు మడతలు విసనకర్రలా మడిచి రెండు చివర్లా జిగురు పెట్టండి. కవరులో అణిగి ఉంటుంది, బయటికి తీయగానే కాస్త లేస్తుంది. సీతాకోకచిలుక కింద పెట్టి చూడండి, ఫోమ్ అంత నిలకడ ఉండదు కానీ చిన్న కదలిక వస్తుంది.

ఇక పువ్వుల గుత్తి ఎక్కడ పెట్టాలి? ఒక మూలకి దగ్గరగా, ఒక్కచోటే. పెద్ద పువ్వు కింద 2 మి.మీ. ఫోమ్, పక్కన చిన్న పువ్వులు నేరుగా జిగురుతో, ఆకులు వాటి కిందికి. శుభాకాంక్షల పట్టీ గుత్తికి ఎదురు మూల వైపు, చదునుగా. సీతాకోకచిలుక రెంటి మధ్యా ఉన్న ఖాళీలో, గుత్తికి దగ్గరగా. కార్డు మీద కనీసం సగం చోటు ఎంబాసింగ్ ఒక్కదానికే వదలండి. నాలుగు మూలల్లో నాలుగు పువ్వులు పెడితే నీడలన్నీ కలగాపులగమై ఎంబాసింగ్ పూర్తిగా మునిగిపోతుంది. కొత్తగా చేసేవాళ్ల కార్డుల్లో నాకు ఎక్కువగా కనిపించే లోపం ఇదే, ఉన్న ప్రతి పంచ్‌నీ ఒకే కార్డులో వాడేయడం.

అంటించే ముందు అన్నిటినీ ఊరికే పేర్చి, గదిలో లైట్లు ఆర్పి, ఫోను టార్చిని ఎడమ పక్క నుంచి కార్డుకి దాదాపు సమాంతరంగా పట్టుకోండి. నీడలు పొడుగ్గా సాగి ఎత్తులు స్పష్టంగా తెలుస్తాయి. పట్టీ మీద పువ్వు నీడ పడి అక్షరాలు మసకబారుతుంటే కొంచెం జరపండి. నచ్చాక ఫోనులో ఒక ఫొటో తీసుకుని, దాన్ని చూస్తూ అంటించండి. పువ్వులు ఎత్తి మళ్లీ పెట్టేసరికి అమరిక గుర్తుండదు.

కవరులోకి

పూర్తయిన కార్డుని మూసి మందం కొలవండి. 300 జీఎస్ఎం కాగితం ఒక్కో పొర మి.మీ.లో సుమారు మూడో వంతు మందం ఉంటుంది, పైన ఫోమూ పువ్వులూ కలిపితే మొత్తం ఐదు మి.మీ. దాటడం ఏమంత కష్టం కాదు. పోస్టులో పంపే కార్డయితే మందం పెరిగేకొద్దీ మామూలు ఉత్తరంగా వెళ్లక చార్జీ పెరగొచ్చు, యంత్రాల్లో నలగొచ్చు. అలాంటప్పుడు రెండు వరసల పువ్వులతో, 1 మి.మీ. ఫోమ్‌తో ఆపేయండి, లేకపోతే అట్టపెట్టె కవరు వాడండి. చేతికి ఇచ్చే కార్డుకి ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

మామూలు కవరులో పెట్టేటప్పుడు కార్డు ముందువైపు ఒక పలచటి టిష్యూ కాగితం, దానిపై కార్డు సైజు అట్టముక్క పెట్టండి. పువ్వుల గుత్తి కవరులో స్టాంపు అంటించే మూల కిందికి రాకుండా చూసుకోండి, పోస్టు ముద్ర దెబ్బ పడేది అక్కడే. చిరునామా మాత్రం కవరు ఖాళీగా ఉన్నప్పుడే రాయండి. లోపల కార్డు పెట్టాక రాస్తే పెన్ను ఎత్తుపల్లాల మీద గెంతుతుంది, ఆ ఒత్తిడికి కింద రేకులూ అణిగిపోతాయి.